బొలెరో పికప్ బ్రేకుల్లో గాలి ఇంటి దగ్గరే తీయడం

పెడల్ తొక్కితే స్పాంజి మీద కాలేసినట్టు మెత్తగా దిగుతోందంటే లైన్లో గాలి చేరిందన్నమాట. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. మీ కాలి బలం చక్రం దాకా వెళ్ళకుండా ఆ బుడగల దగ్గరే ఖర్చయిపోతుంది.

పానా పట్టే ముందు జబ్బు అదేనా అని తేల్చుకోండి. మొదటిసారి పెడల్ లోతుగా దిగి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగితే అది గాలి కాదు, వెనక డ్రమ్ముల్లో షూ (డ్రమ్‌ను లోపలి నుంచి నొక్కి ఆపే పట్టీ) గ్యాప్ ఎక్కువైంది, అడ్జస్ట్ చేయాలి. తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే పంపు) లోపలి రబ్బర్లు పోయాయి. నాలుగు టైర్ల లోపలి వైపు, డ్రమ్ వెనక ప్లేటు అడుగున తడి ఉందేమో చూడండి. లీకు ఉంచుకుని ఎన్నిసార్లు గాలి తీసినా మళ్ళీ చేరుతుంది.

కావలసినవి: బండిలో బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బా మూత మీద రాసి ఉన్న గ్రేడు బ్రేక్ ఆయిల్ (డాట్ 3 లేదా డాట్ 4) సీలు తీయనిది ఒక లీటరు, నిప్పుల్‌కి (ప్రతి చక్రం బ్రేకు వెనక గాలి వదలడానికి ఉండే బోలు స్క్రూ) సరిగ్గా కూర్చునే రింగ్ పానా, నిప్పుల్ మీద బిగుతుగా పట్టే తెల్లటి పారదర్శక పైపు రెండడుగులు, ఖాళీ ప్లాస్టిక్ సీసా, చెక్కముక్క, తోడుగా ఒక మనిషి. ఎప్పుడో తెరిచి సగం వాడిన ఆయిల్ డబ్బా పనికిరాదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. బరువుతో ఘాట్ దిగేటప్పుడు ఆ ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ ఒక్కసారిగా ఖాళీ అయిపోతుంది. సిలికాన్‌తో చేసిన డాట్ 5 కలపొద్దు. ఇంజిన్ ఆయిల్, డీజిల్ చుక్క కూడా తగలనివ్వొద్దు, రబ్బర్లు ఉబ్బిపోతాయి.

బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, మొదటి గేరులో పెట్టి, చక్రాలకు రాళ్ళు అడ్డం వేయండి. పికప్ ఎత్తుగానే ఉంటుంది కాబట్టి జాకీ ఎక్కించకుండా పడుకుని చేయడమే మేలు. వెనక ఇరుసు దగ్గర లోడును బట్టి ప్రెషర్ మార్చే వాల్వ్ ఉన్న బండిలో ఛాసిస్ కింద జాకీ పెట్టి ఇరుసును వేలాడదీస్తే, బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వ్ వెనక్కి వెళ్ళే ఆయిల్‌ను బిగబడుతుంది. గాలి సరిగ్గా రాదు. ఎత్తక తప్పకపోతే స్టాండ్లు ఇరుసు కిందే పెట్టండి. ఆ వాల్వ్‌కే నిప్పుల్ ఉంటే అక్కడా గాలి తీయాలి.

బండి డబ్బాలోని నల్లబడ్డ ఆయిల్‌ను సిరంజితో తోడేయండి. అడుగుదాకా ఖాళీ చేయకుండా కొంచెం వదిలి, కొత్తది మ్యాక్స్ గీత దాకా పోయండి. మన బండ్లలో మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు అనే వరసలో రండి. మీ మాన్యువల్‌లో వేరే వరస ఉంటే అదే పాటించండి.

నిప్పుల్ చుట్టూ మట్టి వైరు బ్రష్‌తో గీకి, పానా ముందే తగిలించి, పైపు ఎక్కించి, రెండో కొస సీసాలో కొంచెం కొత్త ఆయిల్ పోసి అందులో ముంచండి. ఇక మాట మీద నడిచే పని. పెడల్ దగ్గరున్న మనిషి మెల్లగా మూడుసార్లు తొక్కి, నొక్కి పట్టి, "పట్టా" అనాలి. మీరు నిప్పుల్ పావు చుట్టు వదులు చేస్తే పైపులో బుడగలు కనిపిస్తాయి, పెడల్ కిందికి దిగుతుంది. దిగినా కాలు తీయకూడదు. మీరు బిగించి "వదులు" అన్నాకే తీయాలి. అంతకంటే ముందు తీస్తే నిప్పుల్ మరల దగ్గర నుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది, చేసిందంతా వృథా. గబగబా తొక్కినా ఆయిల్ నురగ కడుతుంది. పాత బండి అయితే పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. రోజూ వెళ్ళని లోతుకు పిస్టన్ వెళ్తే, అక్కడి తుప్పుకి రబ్బర్లు చిరుగుతాయి.

బుడగలు ఆగి తేటగా వచ్చేదాకా ఇలాగే చేయండి. ప్రతి ఐదారు తొక్కులకోసారి డబ్బా చూడండి. అది ఖాళీ అయితే మాస్టర్‌లోకే గాలి పోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. సీసాలోకి వచ్చింది తిరిగి డబ్బాలో పోయకండి.

నిప్పుల్ కదలకపోతే బలం చూపొద్దు, లోపల బోలుగా ఉంటుంది, విరుగుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగండి. బిగించేటప్పుడూ ఆనాక కొద్దిగా తిప్పితే చాలు. కాలిపర్లు (ముందు చక్రాల డిస్కులను పట్టి ఆపే భాగాలు) ఈ మధ్య విప్పి బిగించి ఉంటే నిప్పుల్ పైకి ఉందో లేదో చూడండి. కుడిఎడమలు మారి నిప్పుల్ కిందికి వస్తే గాలి పైనే ఇరుక్కుని ఎంతకీ రాదు. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) యూనిట్‌లోకి గాలి వెళ్ళిన బండికి మాత్రం స్కానర్ ఉన్న వర్క్‌షాపే దారి.

పెయింట్ మీద పడిన ఆయిల్‌ను వెంటనే నీళ్ళతో కడగండి. డబ్బా నింపి, మూత పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే పెడల్ గట్టిగా తొక్కి నిమిషం పట్టండి, జారకూడదు. స్టార్ట్ చేశాక కాలి బలాన్ని పెంచే బూస్టర్ అందుకుని కొంచెం దిగుతుంది, అది మామూలే. ఖాళీ దారిలో పది, ఇరవై కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి చూశాకే లోడు ఎక్కించండి. మర్నాడు పొద్దున నాలుగు నిప్పుళ్ళనూ కాగితంతో తుడిచి చూడండి. తడి అంటితే ఆ చక్రం దగ్గర పని ఇంకా ఉంది.