యాసిడ్ సీసా తీసే ముందు అది ఏ రాయో చూడండి

ఇంట్లో టైల్స్, రాళ్లు మురికి వల్ల పాడయ్యేది తక్కువ, మనం కడిగే తీరు వల్ల పాడయ్యేదే ఎక్కువ. నేనూ ఒకసారి మార్బుల్ గట్టు మీద మరక పోవట్లేదని నిమ్మచెక్కతో గట్టిగా రుద్దాను. మరక పలచబడింది కానీ దాని చుట్టూ అరచేయంత మేర మెరుపు పోయి మసకబారింది. ఇక ఎంత తుడిచినా లాభం లేదు, ఎందుకంటే అక్కడ రాయే కరిగింది.

మార్బుల్, నాపరాయి లాంటివి ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్, బాత్రూమ్ యాసిడ్, ఏది తగిలినా కరుగుతాయి. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఉంటాయి కాబట్టి అంత తొందరగా లొంగదు, అలాగని రోజూ వెనిగర్‌తో తుడిస్తే పైన వేసిన సీలర్ (మరకలు లోపలికి ఇంకకుండా రాయికి పట్టించే ద్రవం) పోతుంది. సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్ గట్టివే, కానీ మధ్యలో జాయింట్లు సాధారణంగా సిమెంట్‌వి కదా, యాసిడ్ వాటిని తినేస్తుంది. ఏ రాయో తెలియకపోతే కనపడని మూల ఒక్క చుక్క వెనిగర్ వేయండి. బుడగలొచ్చినా, అక్కడ మెరుపు తగ్గినా యాసిడ్ పడదని అర్థం, వెంటనే నీళ్లతో కడిగేయండి.

రోజువారీ పని చిన్నదే. తడిగుడ్డ కంటే ముందు పొడిగా ఊడవాలి, ఇది చాలామంది వదిలేస్తారు. ఇసుక రేణువులు మార్బుల్ కన్నా చాలా గట్టివి, వాటి మీదే మాప్ లాగితే నేలకి గరుకు కాగితం పట్టినట్టే. తర్వాత బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు చాలు. ఎక్కువ పోస్తే జిడ్డు పొరలా మిగిలిపోయి దుమ్ముని పట్టేసుకుంటుంది. నీళ్లు మురికైతే మార్చండి, లేకపోతే ఒక గది మురికిని ఇంకో గదికి పూస్తున్నట్టే.

జాయింట్లకి వంట సోడా ముద్ద రాసి పది నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. ఇనుప బ్రష్ వద్దు. సోడా మీద వెనిగర్ పోసి నురగ చూసి మురిసిపోతుంటారు, నిజానికి అవి రెండూ ఒకదాన్నొకటి చల్లార్చేసుకుంటాయి. బూజు పట్టి నల్లబడితే పలచటి బ్లీచ్ పనిచేస్తుంది, కిటికీ తెరిచి, గ్లౌజులు వేసుకుని వాడండి. బ్లీచ్‌ని మాత్రం యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది, ఇందులో సరదా లేదు.

టైల్స్ మీద ఉప్పునీళ్ల తెల్ల మరకలకి వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి కొద్దిసేపు ఉంచి కడగండి. ముందుగా జాయింట్లని మామూలు నీళ్లతో బాగా తడపండి, అప్పుడు యాసిడ్ లోపలికి పెద్దగా ఇంకదు. మార్బుల్ మీద ఈ పని అస్సలు చేయొద్దు. అక్కడ స్నానం అయ్యాక గోడనీ నేలనీ పొడిగుడ్డతో తుడవడమే మందు.

రాయిలోకి దిగిన నూనె మరక పై పైన తుడిస్తే పోదు, బయటికి లాగాలి. వంట సోడాలో కొద్దిగా నీళ్లు కలిపి చిక్కటి ముద్ద చేసి మరక మీద మందంగా పరిచి, ప్లాస్టిక్ కవర్ కప్పి, అంచులకి టేప్ అంటించి ఒక రోజు వదిలేయండి. తర్వాత కవర్ తీసి ముద్దని పూర్తిగా ఎండనివ్వండి. ఎండుతూ అది నూనెని పీల్చుకుంటుంది. ఒక్కసారికి పోకపోవచ్చు, రెండు మూడు సార్లు ఓపిక పట్టాలి. నా గట్టు లాగా రాయే మసకబారితే మాత్రం ఈ ముద్దతో ఏమీ కాదు, పాలిష్ పట్టించాల్సిందే, నేనూ చివరికి అదే చేశాను.

సీలర్ ఎప్పుడు వేయాలంటే, రాయి మీద కొన్ని నీటి చుక్కలు వేసి పావుగంట ఆగండి. చుక్క కింద రాయి ముదురు రంగుకి మారితే వేసే టైమొచ్చినట్టే. మెరుపు పూత ఉన్న టైల్స్‌కి సీలర్ అక్కర్లేదు, వాటి మధ్య నీళ్లు పీల్చుకునే జాయింట్లకే కావాలి. వేశాక మిగులు సీలర్‌ని ఆరకముందే తుడిచేయండి, ఆరిందంటే మచ్చల్లా కనిపిస్తుంది, దాన్ని వదిలించడం ఇంకో పెద్ద పని.