నెట్‌వర్క్ వర్క్‌స్టేషన్లకు ఆపరేటింగ్ సిస్టమ్ డిజైన్ – 4వ పాఠం: సర్వర్ ఏం గుర్తు పెట్టుకోవాలి?

గత పాఠంలో కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ఫైల్ సిస్టమ్‌ల పైన వీనోడ్ అనే పొర పెట్టాం. ఫైల్ సొంత డిస్క్‌లో ఉందా, ఇంకో మెషిన్‌లో ఉందా అన్న సంగతి ప్రోగ్రామ్‌కి తెలియకుండా ఆ పొర చూసుకుంటుంది. ఇప్పుడు దాని కింద, వైరు మీద వెళ్లే మెసేజ్‌లు ఎలా ఉండాలో చూద్దాం. ఈ పాఠం అయ్యేసరికి మీకు ఏ ఆపరేషన్ ఇచ్చినా, సర్వర్ మధ్యలో పడిపోతే అది తట్టుకుంటుందో లేదో కాగితం మీద మీరే తేల్చగలగాలి.

మనం తీసుకునే కేసు సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్). 1984లో పని మొదలై 1985లో బయటికొచ్చింది. ఆ రోజుల్లో సొంత డిస్క్ లేని వర్క్‌స్టేషన్లు చాలా ఉండేవి. 4 ఎంబీ మెమరీతో వచ్చిన సన్-3/50ని ఎక్కువగా అలాగే వాడేవారు: ప్రోగ్రామ్‌లు, ఇంటి డైరెక్టరీ, చివరికి స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ జాగా) కూడా సర్వర్ మీదే. సర్వర్ ఆగిందంటే ఆ గదిలో అందరి పనీ ఆగినట్టే. అందుకని ఇక్కడ డిజైనర్ వేగం గురించి ఆలోచించే ముందు, సర్వర్ రీబూట్ అయి వచ్చాక ఎవరి పని ఎక్కడి నుంచి మొదలవుతుందో తేల్చుకోవాలి.

ఒక కాగితం తీసుకుని నిలువు గీత గీయండి. ఎడమ పక్క క్లయింట్ (ఫైల్ అడిగే వర్క్‌స్టేషన్), కుడి పక్క సర్వర్. ముందుగా యూనిక్స్ తన సొంత డిస్క్‌తో చేసే పనినే యథాతథంగా వైరు మీదికి ఎక్కిద్దాం. క్లయింట్ "ఫైల్ తెరువు" అంటుంది, సర్వర్ "సరే, నీ నంబరు 7" అంటుంది. ఆ తర్వాత క్లయింట్ "7లో తర్వాతి 8192 బైట్లు ఇవ్వు" అని అడుగుతూ పోతుంది. ఎంతవరకు చదివారో సర్వర్ తన టేబుల్‌లో రాసుకుంటుంది.

ఇప్పుడు సర్వర్ పక్క అడ్డంగా ఒక గీత గీసి "రీబూట్" అని రాయండి. ఆ గీత కింద టేబుల్ ఖాళీ. "7" అంటే ఎవరికీ తెలియదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది, ఇది పైకి కనిపించదు. సర్వర్ పడిపోలేదు, జవాబు మాత్రం దారిలో పోయిందనుకోండి. ఎన్ఎఫ్ఎస్ మొదట్లో యూడీపీ (చేరిందో లేదో చూడకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద నడిచేది, ప్యాకెట్ పోవడం అక్కడ మామూలే. క్లయింట్ కాసేపు చూసి మళ్లీ "తర్వాతి 8192" అంటుంది. సర్వర్ అప్పటికే ఒక అడుగు ముందుకు జరిగింది కాబట్టి దాని తర్వాతి ముక్క పంపిస్తుంది. మధ్యలో 8192 బైట్లు గల్లంతు, ఎర్రర్ అంటూ ఏమీ రాలేదు. ఫైల్ సర్వర్ చేయగల తప్పుల్లో నా దృష్టిలో ఇంతకంటే ఘోరమైనది లేదు.

ఎన్ఎఫ్ఎస్ డిజైనర్లు "తర్వాతి" అన్న మాటనే తీసేశారు. వాళ్ల రీడ్ రిక్వెస్ట్‌లో మూడు విషయాలు ఉంటాయి: ఫైల్ హ్యాండిల్ (ఆ ఫైల్‌కి సర్వర్ ఇచ్చిన గుర్తు), ఎక్కడి నుంచి, ఎన్ని బైట్లు. "ఈ హ్యాండిల్ ఉన్న ఫైల్‌లో 16384 నుంచి 8192 బైట్లు." ఇది ఒకసారి అడిగినా నాలుగుసార్లు అడిగినా జవాబు ఒక్కటే. ఎంతవరకు చదివామన్న లెక్క క్లయింట్ కెర్నెల్‌లో ఉంటుంది. వెర్షన్ 2 ప్రోటోకాల్‌లో ఓపెన్, క్లోజ్ అనే రిక్వెస్టులే లేవు. ఇందాకటి కాగితం మీద సర్వర్ పక్క ఎక్కడైనా "రీబూట్" గీత గీసి చూడండి. క్లయింట్ చేయాల్సింది జవాబు వచ్చేదాకా అదే మెసేజ్ మళ్లీ పంపడం, అంతే. సర్వర్ పడి లేచిందా, నిదానంగా ఉందా అని తెలుసుకోవాల్సిన అవసరం కూడా దానికి లేదు.

ఇలా ఎన్నిసార్లు చేసినా ఫలితం మారని పనిని ఇడెంపొటెంట్ అంటారు. యూపీఐలో డబ్బు పంపి, స్క్రీన్ "పెండింగ్" దగ్గర ఆగిపోతే మళ్లీ పంపడానికి చెయ్యి రాదు కదా. ఆ టెన్షన్ లేకుండా మళ్లీ నొక్కగలిగే మెసేజ్‌లు రాయడమే ఈ పాఠంలో మీరు నేర్చుకోవాల్సిన పని.

హ్యాండిల్ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. వెర్షన్ 2లో అది 32 బైట్లు. క్లయింట్‌కి దాని అర్థం తెలియదు, తీసుకుని దాచుకుని తిరిగి ఇవ్వడమే. సర్వర్ మాత్రం అందులో ఏ ఫైల్ సిస్టమ్, ఏ ఐనోడ్ (డిస్క్ మీద ఫైల్ వివరాలు ఉండే రికార్డు) నంబరు, ఆ ఐనోడ్ జనరేషన్ నంబరు అని మూడూ పెడుతుంది. జనరేషన్ ఎందుకంటారా? మీ దగ్గర ఐనోడ్ 512కి హ్యాండిల్ ఉంది. ఈలోగా ఇంకొకరు ఆ ఫైల్ తీసేశారు, అదే 512 కొత్త ఫైల్‌కి వెళ్లింది. జనరేషన్ లేకపోతే మీరు రాసేది పరాయి ఫైల్‌లో పడుతుంది. ఐనోడ్‌ని కొత్త ఫైల్‌కి ఇచ్చినప్పుడల్లా ఆ నంబరు మారుతుంది కాబట్టి, పాత హ్యాండిల్ తెస్తే సర్వర్ "స్టేల్ ఫైల్ హ్యాండిల్" అని తిప్పి పంపుతుంది. ఈ ఎర్రర్‌ని చాలామంది విసుక్కుంటారు. నిజానికి అది మీ డేటాని కాపాడుతున్న ఎర్రర్.

హ్యాండిల్ సంపాదించేది లుకప్‌తో. ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్క పేరే. సర్వర్ డైరెక్టరీని హోమ్ దగ్గర మౌంట్ చేసుకుంటే (అంటే క్లయింట్ తన డైరెక్టరీల్లో ఒకటిగా తగిలించుకుంటే), హోమ్/సీత/పాఠాలు/నాలుగు అన్న దారికి మూడు లుకప్‌లు. దారి మొత్తం ఒకేసారి పంపితే సరిపోదా అనిపిస్తుంది. కానీ "పాఠాలు" మీద ఈ క్లయింట్ ఇంకో సర్వర్‌ని మౌంట్ చేసుకుని ఉండొచ్చు, ఆ సంగతి మొదటి సర్వర్‌కి తెలియదు.

రైట్ కూడా చూడటానికి రీడ్ లాంటిదే: హ్యాండిల్, ఎక్కడి నుంచి, డేటా. ఎన్నిసార్లు రాసినా అదే చోట అదే డేటా. కానీ ఇక్కడ ఒక షరతు ఉంది. సర్వర్ "రాశాను" అన్నాక క్లయింట్ తన కాపీ వదిలేస్తుంది. ఆ డేటా సర్వర్ మెమరీలోనే ఉండి కరెంటు పోతే అంతా పోయినట్టే. అందుకే వెర్షన్ 2 సర్వర్ డేటా డిస్క్ మీద పడ్డాకే జవాబివ్వాలి. 8192 బైట్ల రిక్వెస్ట్ ఒక్కదానికి డేటా బ్లాక్, ఐనోడ్, ఒక్కోసారి ఇన్‌డైరెక్ట్ బ్లాక్ (డేటా బ్లాక్‌లు ఎక్కడున్నాయో చెప్పేది) కూడా రాయాలి. ఎన్ఎఫ్ఎస్‌లో రాయడం నత్తనడక అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

1995లో వచ్చిన వెర్షన్ 3 దీన్ని విప్పిన తీరు నాకు చాలా ఇష్టం. క్లయింట్ "డిస్క్ మీద వెంటనే రాయక్కర్లేదు" అని రైట్‌లు పంపుతుంది, చివర్లో "కమిట్" అంటుంది. సర్వర్ ప్రతి జవాబులో 8 బైట్ల వెరిఫయర్ ఒకటి పంపుతుంది. సర్వర్ రీబూట్ అయితే ఆ వెరిఫయర్ మారుతుంది. కమిట్ జవాబులో వచ్చింది ముందు రైట్‌లలో వచ్చినదానితో కలవకపోతే, మధ్యలో సర్వర్ పడి లేచిందని క్లయింట్‌కి అర్థమవుతుంది. కమిట్ అయ్యేదాకా డేటా దాని దగ్గరే ఉంది కాబట్టి అంతా మళ్లీ పంపుతుంది. ఎవరు ఏం రాశారో సర్వర్ గుర్తు పెట్టుకోవాల్సిన పని ఇప్పటికీ లేదు.

అన్ని ఆపరేషన్లూ ఇంత బుద్ధిగా ఉండవు. రిమూవ్ చూడండి. రిక్వెస్ట్ చేరింది, ఫైల్ పోయింది, జవాబు దారిలో పోయింది. క్లయింట్ మళ్లీ పంపింది, సర్వర్ "అలాంటి ఫైల్ లేదు" అంది. పని జరిగింది, వాడుకరికి మాత్రం ఎర్రర్ వచ్చింది. రీనేమ్, మేక్‌డిర్ కూడా ఇంతే. దీనికి సర్వర్‌లో డూప్లికేట్ రిక్వెస్ట్ క్యాష్ పెట్టారు: ఈ మధ్య వచ్చిన రిక్వెస్టుల ట్రాన్సాక్షన్ నంబర్లు, వాటికిచ్చిన జవాబులు కాసేపు ఉంచుకుని, అదే నంబరు మళ్లీ వస్తే పాత జవాబే ఇవ్వడం. మామూలుగా ఈ క్యాష్ మెమరీలో ఉంటుంది, రీబూట్ అయితే పోతుంది, అప్పుడు ఆ తప్పు ఎర్రర్ అరుదుగా వస్తూనే ఉంటుంది. దాన్ని వాళ్లు తెలిసే ఒప్పుకున్నారు.

ఇదే కాలంలో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ బృందం స్ప్రైట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంకో దారి పట్టింది. ఏ వర్క్‌స్టేషన్ ఏ ఫైల్ తెరిచిందో సర్వర్ గుర్తు పెట్టుకుంటుంది. ఒకరు రాస్తుండగా ఇంకొకరు అదే ఫైల్ తెరిస్తే ఆ ఫైల్‌కి క్లయింట్ క్యాష్‌లు (క్లయింట్లు తమ దగ్గర ఉంచుకునే కాపీలు) ఆపేస్తుంది. అందుకని ఎవరు చదివినా తాజా డేటానే వస్తుంది. ఎన్ఎఫ్ఎస్‌లో ఈ హామీ లేదు, పక్కవాళ్లు మార్చినది కొన్ని సెకన్లు ఆలస్యంగా కనిపించొచ్చు. అయితే స్ప్రైట్ సర్వర్ లేవగానే క్లయింట్లన్నీ ఒక్కసారిగా మీదపడి తమ ఓపెన్ ఫైళ్ల లెక్క అప్పజెప్పాలి. ఆ తాకిడికి సర్వర్ మళ్లీ ఉక్కిరిబిక్కిరయ్యేది. స్ప్రైట్ గురించి 6వ పాఠంలో వివరంగా చూద్దాం.

ప్రాక్టికల్: రెండు లినక్స్ వర్చువల్ మెషిన్లు తీసుకోండి. ఒకదాని డైరెక్టరీని రెండోదాంట్లో మౌంట్ చేయండి, ఆప్షన్లలో వెర్షన్ 3 అని తప్పకుండా ఇవ్వండి. ఏమీ ఇవ్వకపోతే ఇప్పటి లినక్స్ ముందుగా వెర్షన్ 4 కుటుంబాన్ని ఎంచుకుంటుంది, అది స్టేట్ ఉంచుకునే (ఎవరు ఏం తెరిచారో సర్వర్ గుర్తు పెట్టుకునే) ప్రోటోకాల్. కొన్ని జీబీల ఫైల్‌ని సర్వర్ నుంచి కాపీ చేయడం మొదలుపెట్టి, మధ్యలో సర్వర్ మెషిన్‌ని ఆపేయండి. కాపీ కదలదు, ఎర్రర్ కూడా రాదు. కొన్ని నిమిషాలు ఆగితే కెర్నెల్ లాగ్‌లో "నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్" అని పడుతుంది. కంగారుపడి కంట్రోల్-సీ కొట్టకండి. సర్వర్‌ని మళ్లీ లేపండి, కాపీ ఆగిన చోటి నుంచి సాగిపోతుంది. అయ్యాక రెండు పక్కలా చెక్‌సమ్ (ఫైల్ డేటా నుంచి లెక్కకట్టే సంఖ్య) తీసి పోల్చండి.

అభ్యాసం: లాగ్ ఫైల్ చివర ఒక లైను చేర్చాలి. ఎన్ఎఫ్ఎస్‌లో "చివర చేర్చు" అనే రిక్వెస్ట్ లేదు. క్లయింట్ ముందు సైజు అడిగి, ఆ స్థానంలో రైట్ పంపాలి. ఇద్దరు క్లయింట్లు ఒకే క్షణంలో ఈ పని చేస్తే ఏమవుతుందో రెండు క్లయింట్ కాలమ్‌లు, ఒక సర్వర్ కాలమ్‌తో గీయండి. ఆ తర్వాత "చివర చేర్చు" అనే కొత్త రిక్వెస్ట్ మీరే రాసి, జవాబు దారిలో పోతే ఫైల్‌లో ఎన్ని లైన్లు ఉంటాయో తేల్చండి. 5వ పాఠం లాకింగ్ గురించి, మొదలయ్యేది మీరు గీసిన ఈ బొమ్మతోనే.