ఎండలు మండే ఊళ్లో లిపో బ్యాటరీలను భద్రంగా ఛార్జ్ చేసుకోవడం ఎలా?

ఒక మే నెలలో, మరునాడు చంద్రగిరి దారిలోని ఖాళీ మైదానానికి వెళ్లి మోడల్ విమానం ఎగరేయాలని, నేను మూడు లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాకులను రాత్రే నిండుగా ఛార్జ్ చేసి స్కూటర్ డిక్కీలో పెట్టుకున్నాను. తెల్లవారేసరికి గాలి బలంగా వీస్తుండడంతో ప్రయాణం మానుకున్నాను, డిక్కీ సంగతి మరచిపోయాను. నాలుగో రోజు తెరిచి చూస్తే మూడు ప్యాకులూ చిన్న దిండ్లలా ఉబ్బి ఉన్నాయి. వాటిలో ఒకటి అంతకుముందు ఒక్కసారి కూడా గాలిలోకి వెళ్లలేదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మోడల్ విమానాలు, క్వాడ్‌కాప్టర్లు (నాలుగు రెక్కల డ్రోన్లు) ఎగరేసేవారి బ్యాటరీలు చాలామట్టుకు ఇలాగే, ఎగురుతూ కాకుండా, నిండు ఛార్జ్‌తో వేడిలో ఊరకే పడి ఉండి పాడవుతాయి. అందువల్ల ఛార్జింగ్ పద్ధతితో పాటు, ఛార్జ్ అయ్యాక బ్యాటరీని ఏ స్థితిలో, ఎంత చల్లటి చోట ఉంచాలన్న విషయాన్ని కూడా ఈ వ్యాసంలో కొంత విస్తారంగా చెబుతాను.

ముందుగా గుర్తుంచుకోవలసిన అంకెలు

లిథియం పాలిమర్ సెల్ ఒక్కొక్కదాని సాధారణ వోల్టేజి 3.7. అది నిండినప్పుడు 4.20 వోల్టులు ఉంటుంది, అంతకు మించనివ్వకూడదు. 3.0 వోల్టులకన్నా కిందికి దిగితే సెల్ లోపల శాశ్వతమైన నష్టం జరుగుతుంది. నిల్వ ఉంచేటప్పుడు సెల్‌కు 3.80 నుంచి 3.85 వోల్టులు ఉండాలి. ప్యాకు మీద 3ఎస్ అని ఉంటే మూడు సెల్‌లను వరుసగా కలిపారని అర్థం కాబట్టి, దాని సాధారణ వోల్టేజి 11.1, నిండినప్పుడు 12.6 అవుతుంది. 4ఎస్ అయితే ఇవే 14.8, 16.8 అవుతాయి. 4.35 వోల్టుల దాకా నింపుకోగల హెచ్‌వీ (హై వోల్టేజి) రకం ప్యాకులు కూడా బజారులో ఉన్నాయి. ప్యాకు మీద ఆ మాట స్పష్టంగా అచ్చయి ఉంటే తప్ప ఏ ప్యాకునూ ఆ పద్ధతిలో ఛార్జ్ చేయకూడదు.

ఇక 'సీ' అన్న అక్షరం ప్యాకు సామర్థ్యానికి ఎన్ని రెట్లు కరెంటు అన్నది చెబుతుంది. 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ గంటల) ప్యాకుకు 1సీ అంటే 2.2 ఆంపియర్లు. అదే ప్యాకు మీద 25సీ అని ఉంటే 55 ఆంపియర్ల దాకా ఇవ్వగలదని తయారీదారు చెబుతున్నాడన్నమాట. ఈ అంకెను కొంత పెంచి అచ్చువేయడం మామూలు కాబట్టి, మోటారుకు అవసరమైన దానికన్నా బాగా ఎక్కువ సామర్థ్యమున్న ప్యాకునే ఎంచుకోవడం మంచిది. ఛార్జింగ్‌కు మాత్రం, ప్యాకు ఎంత వేగాన్ని తట్టుకుంటుందని రాసి ఉన్నా, 1సీ దాటకుండా ఉండడమే నా సలహా.

మొదటి మెట్టు: చోటును సిద్ధం చేసుకోవడం

మంచం, పరుపు, చెక్క బల్ల, కిటికీ తెరల దాపు, వంటగదిలో గ్యాస్ సిలిండర్ ఉన్న మూల, దీపం వెలిగే పూజ గది, ఇవేవీ ఛార్జింగ్‌కు తగిన చోట్లు కావు. కడప బండలు పరిచిన వసారా కానీ, సిమెంటు నేల ఉన్న మెట్ల కింది ఖాళీ కానీ ఎంతో నయం. ఆ నేల మీద వెడల్పు మూతి గల మట్టి బాన ఒకటి ఉంచి, అడుగున నాలుగు వేళ్ల మందాన పొడి ఇసుక పోయాలి. స్వర్ణముఖి ఇసుకైనా, ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన ఇసుకైనా పనికి వస్తుంది. అయితే దాన్ని జల్లించి, రెండు రోజులు ఎండబెట్టి, చేతికి తడి తగలకుండా ఉన్నప్పుడే వాడాలి. ప్యాకును ఆ బానలో ఉంచి, తీగలు పైకి వచ్చేలా చూసి, మూతగా ఒక పెంకును సందు మిగిలేలా ఆనించాలి. గాలి చొరబడకుండా గట్టిగా మూసే డబ్బా మాత్రం వాడకూడదు. లోపల సెల్ అంటుకుంటే వాయువులు పేరుకుపోయి డబ్బానే పేలే ప్రమాదముంది. మంటను తట్టుకునే ప్రత్యేక సంచులు కూడా దొరుకుతాయి కానీ, సంచి మీదే పూర్తిగా ఆధారపడకుండా దాన్ని కూడా బానలోనే పెట్టడం నా అలవాటు. పక్కన బక్కెట్‌లో మరికొంత పొడి ఇసుక, మరొక బక్కెట్‌లో నీళ్లు ఉండాలి.

రెండో మెట్టు: ప్యాకును చేతిలోకి తీసుకుని చూడడం

ఛార్జర్‌కు తగిలించే ముందు ప్రతిసారీ ప్యాకును వెలుతురులో తిప్పి చూడాలి. పైపొర మీద చీలిక, మూలల్లో నొక్కు, తీగల మొదట్లో తొడుగు చినిగిపోవడం, తియ్యటి ద్రావకం లాంటి వాసన, వీటిలో ఏది కనిపించినా ఆ ప్యాకును ఇక ఛార్జ్ చేయకూడదు. కొంచెం ఉబ్బిన ప్యాకు విషయంలో అనుభవజ్ఞుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వేడికి కాస్త మెత్తబడి, చల్లారాక తిరిగి గట్టిపడే ప్యాకును జాగ్రత్తగా వాడేవారున్నారు. నేను మాత్రం చల్లారిన తరువాత కూడా ఉబ్బు నిలిచిపోయిన ప్యాకును పక్కన పెట్టేస్తాను, ఎందుకంటే ఆ ఉబ్బు సెల్ లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువుగా మారిందనడానికి గుర్తు, ఆ మార్పు మళ్లీ వెనక్కి రాదు.

తరువాత బ్యాలెన్స్ వైరుకు, అంటే ఒక్కో సెల్‌కు విడిగా కలిపిన సన్నటి తీగల కట్టకు, చిన్న వోల్టేజి చెకర్ తగిలించి సెల్‌ల వోల్టేజి చదవాలి. సెల్‌ల మధ్య తేడా 0.1 వోల్టు దాటితే ఆ ప్యాకులో ఒక సెల్ బలహీనపడుతోందని అనుమానించాలి. ఏదైనా సెల్ 3.0 కన్నా కింద ఉంటే దాన్ని బతికించే ప్రయత్నం చేయకూడదు. ఛార్జర్‌ను వేరే రకం బ్యాటరీ పద్ధతిలో పెట్టి కొంచెం కరెంటు ఎక్కించి, ఆ తరువాత లిపో పద్ధతికి మార్చే చిట్కా కొందరు చెబుతుంటారు. దయచేసి అది పాటించవద్దు. అతిగా ఖాళీ అయిన సెల్‌లో రాగి రేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసేటప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుని, లోపలే షార్ట్ అయ్యే మార్గం ఏర్పడుతుంది. ఆ రోజు బాగానే ఉన్నట్టు కనిపించిన ప్యాకు మరో రోజు ఛార్జింగ్‌లో అంటుకోవచ్చు.

మూడో మెట్టు: ఛార్జర్‌కు తగిలించే క్రమం

లిపో బ్యాటరీకి లిపో ఛార్జర్ మాత్రమే వాడాలి. ముందు ఛార్జింగ్ తీగను ఛార్జర్‌కు గుచ్చి, ఆ తరువాతే దాని రెండో కొనకు బ్యాటరీని కలపాలి. ఈ క్రమం తప్పి, బ్యాటరీని ముందుగా తీగకు కలిపితే, అవతలి కొనలోని రెండు లోహపు పిన్నులు ఒకదానికొకటి తగిలి షార్ట్ అయి, క్షణంలో వేళ్లు కాలేంత నిప్పురవ్వలు లేస్తాయి. తీసేటప్పుడు క్రమం తలకిందులుగా ఉండాలి, అంటే ముందు బ్యాటరీని విడదీయాలి. ప్రధాన తీగ కలిపాక బ్యాలెన్స్ వైరును కూడా తప్పనిసరిగా గుచ్చాలి.

ఛార్జర్ తెర మీద లిపో రకం, బ్యాలెన్స్ ఛార్జ్ (సెల్‌లన్నిటినీ సమానంగా నింపే) పద్ధతి, సెల్‌ల సంఖ్య, కరెంటు, ఈ నాలుగింటినీ నోటితో చదువుకుని సరిచూసుకోవాలి. సెల్‌ల సంఖ్య పొరపాటున ఎక్కువగా పెడితే ప్యాకు హద్దు మీరి నిండే ప్రమాదముంది, పాత ఛార్జర్లు ఈ తప్పును పట్టుకోలేకపోవచ్చు. 2200 ఎంఏహెచ్ 3ఎస్ ప్యాకును 2.2 ఆంపియర్లతో ఛార్జ్ చేయడానికి చివరిలో సుమారు 28 వాట్లు చాలు, 5000 ఎంఏహెచ్ 4ఎస్ ప్యాకుకైతే 84 వాట్లు కావాలి. ఛార్జర్ కొనేటప్పుడు ఈ లెక్క వేసుకుంటే తక్కువ శక్తి గల యంత్రం ముందు గంటల తరబడి కూర్చోవలసిన అవసరం రాదు.

ఛార్జింగ్ మొదట స్థిరమైన కరెంటుతో సాగి, సెల్‌లు 4.20 వోల్టులకు చేరాక అక్కడే నిలిచి, కరెంటు క్రమంగా తగ్గుతూ వస్తుంది. చివరి భాగం నెమ్మదిగా సాగడం సహజం కాబట్టి ఛార్జర్ చెడిపోయిందని అనుకోనక్కరలేదు. ఈ గంటసేపు మనిషి దగ్గరలోనే ఉండాలి. రాత్రి పెట్టి నిద్రపోవడం, తాళం వేసి బజారుకు వెళ్లడం ఎన్నటికీ చేయకూడదు. మధ్యలో కరెంటు పోతే ప్యాకును ఛార్జర్ నుంచి విడదీయాలి, కరెంటు వచ్చాక పై నాలుగింటినీ మళ్లీ సరిచూసుకుని మొదలుపెట్టాలి.

వేసవిలో పాటించవలసిన వేళలు

లిపో సెల్‌ను 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. రాయలసీమ వేసవిలో నీడలోనే ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు మనకు కొత్త కావు. అలాంటి వేళ మేడ మీది గదిలో ఛార్జ్ చేస్తే హద్దు దాటడానికి ఎంతో దూరం ఉండదు. అందువల్ల మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామున, ఎగరేయడానికి బయలుదేరే ముందు ఛార్జ్ చేసుకోవడం అన్ని విధాలా మేలు. ప్యాకు నిండుగా ఉండే సమయం కూడా దానివల్ల తగ్గుతుంది.

ఎగిరి దిగిన ప్యాకు వెచ్చగా ఉంటుంది, అది చేతికి మామూలుగా తగిలేదాకా, కనీసం అరగంటసేపు, నీడలో ఉంచి ఆ తరువాతే ఛార్జర్‌కు కలపాలి. మైదానానికి తీసుకువెళ్లడానికి మూత ఉన్న థర్మోకోల్ పెట్టె చాలు, మంచు గడ్డలు వేయనక్కరలేదు. వాటివల్ల చెమ్మ చేరి కొత్త చిక్కు వస్తుంది. ఎండలో నిలిపిన కారులో, స్కూటర్ డిక్కీలో మాత్రం పది నిమిషాలకని కూడా వదలవద్దు. రేణిగుంట విమానాశ్రయం, తిరుమల కొండ దాపులకు విమానంతో వెళ్లరాదన్నది ఇక్కడి వారందరికీ తెలిసిన విషయమే కాబట్టి, మైదానం ఎలాగూ ఊరికి దూరంగానే ఉంటుంది. ఆ ప్రయాణమంతా ప్యాకు వేడెక్కకుండా చూసుకోవాలి.

గాలిలో ఎంతసేపు?

ప్యాకులోని సామర్థ్యంలో 80 శాతం మించి వాడకూడదు. 2200 ఎంఏహెచ్‌లో అది 1760. దీన్ని నిమిషాల్లోకి మార్చుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. మొదటిసారి నాలుగు నిమిషాలే ఎగరేసి దించి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఛార్జర్ ఎంత నింపిందో చూడాలి. అది 1100 అయితే నిమిషానికి 275 ఖర్చయిందన్నమాట. 1760ని 275తో భాగిస్తే 6.4 వస్తుంది కాబట్టి, రిమోట్‌లో టైమరును ఆరు నిమిషాలకు పెట్టుకోవాలి. దిగి కాసేపయ్యాక సెల్‌కు సుమారు 3.7 వోల్టులు కనిపిస్తే లెక్క సరిపోయినట్టే. దిగిన వెంటనే బ్యాటరీని విమానం నుంచి విడదీయడం మరవకూడదు. స్విచ్ ఆపినా, మోటారు వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది, వారం రోజుల్లో ప్యాకు 3.0 కన్నా కిందికి దిగిపోగలదు.

విమానం కూలితే ప్యాకును బయటికి తీసి, ఇంటికీ వాహనానికీ దూరంగా, ఇసుక మీద కనీసం అరగంట ఉంచి గమనించాలి. లోపలి పొరలు నొక్కుకుపోయిన సెల్ కొంత ఆలస్యంగా కూడా వేడెక్కవచ్చు.

నిల్వ ఉంచడం

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. నిండుగా ఉన్న సెల్‌లో ధన ఎలక్ట్రోడ్ చాలా చురుకైన స్థితిలో ఉండి, తనను తాకుతున్న ద్రవాన్ని నెమ్మదిగా విచ్ఛిన్నం చేస్తూ వాయువును పుట్టిస్తుంది. వేడి ఈ చర్యను వేగవంతం చేస్తుంది. నా డిక్కీలోని ప్యాకులకు జరిగింది ఇదే. అందుకే రెండు మూడు రోజుల్లో ఎగరేయబోని ప్యాకును ఛార్జర్‌లోని స్టోరేజ్ పద్ధతిలో పెట్టి, సెల్‌కు 3.80–3.85 వోల్టులకు తేవాలి. 3ఎస్ ప్యాకుకు మొత్తం 11.4 నుంచి 11.55 అవుతుంది. వాన వల్ల, గాలి వల్ల ప్రయాణం ఆగిపోయిన రోజున కూడా నిండు ప్యాకులను ఆ సాయంత్రమే ఈ స్థితికి దించాలి. కొంత ఓపిక కావలసిన పనే అయినా, ఎక్కువ ఆయుష్షును ఇచ్చే పని ఇంతకన్నా మరొకటి నాకు తెలియదు. అలా దించిన ప్యాకులను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో, నేలకు దగ్గరగా, పిల్లలకు అందకుండా ఉంచి, నెలకొకసారి వోల్టేజి చూసుకోవాలి. ప్రతి ప్యాకు మీద కొన్న తేదీ, వరుస సంఖ్య రాసుకుంటే ఏది ముసలిదవుతోందో తెలుస్తుంది. ఛార్జర్ లోపలి నిరోధాన్ని చూపగలిగితే, కొత్తలో వచ్చిన అంకెను కూడా పక్కన రాసుకోవాలి. అది రెట్టింపు దాటాక ఆ ప్యాకుకు విశ్రాంతి ఇవ్వడం మంచిది.

అంటుకుంటే ఏం చేయాలి?

ఛార్జింగ్‌లో ప్యాకు చూస్తుండగానే ఉబ్బుతున్నా, బుసకొట్టే శబ్దం వచ్చినా, వెంటనే గోడ స్విచ్ ఆపాలి. ప్యాకును చేత్తో పట్టుకుని బయటికి పరుగెత్తవద్దు. మంట సెకన్లలోనే ఎగయవచ్చు. బానలోనే ఉంటే పైన పొడి ఇసుక కుమ్మరించి, తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపాలి. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులు ఉంటాయి కాబట్టి దాన్ని పీల్చకూడదు. కరెంటు ఆపిన తరువాత, చుట్టుపక్కల వస్తువులకు నిప్పు పాకుతుంటే దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయవచ్చు. నీరు సెల్‌ను చల్లబరిచి మంట పక్క సెల్‌కు వ్యాపించకుండా ఆపడానికి తోడ్పడుతుంది. మంట పెద్దదైతే 101కి ఫోన్ చేయాలి. ఆరిపోయినట్టు కనిపించిన ప్యాకు మళ్లీ అంటుకోవచ్చు కాబట్టి కొన్ని గంటలపాటు దాని జోలికి వెళ్లవద్దు.

పాత ప్యాకును వదిలించుకోవడం

ఉప్పునీటిలో ముంచితే ఖాళీ అవుతుందని చాలామంది చెబుతారు కానీ, ఉప్పునీటిలో కనెక్టరు లోహం తుప్పుపట్టి తెగిపోయి, ప్యాకు లోపల ఛార్జ్ మిగిలిపోయే అవకాశముంది. కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బుకు కనెక్టరు అతికించి, ఆరుబయట ఇసుక మీద ఉంచిన 3ఎస్ ప్యాకుకు కలిపితే అది గంటా గంటన్నరలో నెమ్మదిగా ఖాళీ అవుతుంది. బల్బు పూర్తిగా ఆరిపోయాక కూడా ఒక రాత్రంతా అలాగే వదలాలి. చీలిపోయిన ప్యాకుకు మాత్రం ఇది కూడా చేయకుండా, ఇసుకలో ఉంచి అలాగే అప్పగించాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీలను ఇంటి చెత్తలో కలపకుండా వేరుగా ఇవ్వవలసిన బాధ్యత వాడకందారుదే. చెత్త బండిలో నలిగిన ప్యాకు అక్కడి పారిశుద్ధ్య కార్మికుల చేతుల్లో అంటుకోవచ్చు. కనెక్టరు మీద, బ్యాలెన్స్ వైరు కొన మీద టేపు చుట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి చెప్పి మరీ అప్పగించాలి. ఆ రోజు వచ్చేదాకా దాని చోటు పొడి ఇసుక పోసిన ఆ మట్టి బానలోనే.