పేట మారిపోయేలోగా దాని కథలు రికార్డు చేసుకోవడం ఎలా

పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేచోట గోడలకన్నా ముందు ఇరుగుపొరుగు చెదిరిపోతుంది. ఆపదలో ఎవరి తలుపు తట్టాలో తెలియదు. 1995 జులైలో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. ఒంటరిగా ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువైందని తర్వాత తేలింది. అందుకే కథలు సేకరించేటప్పుడు ఎవరు ఎవరికి అక్కరకొచ్చారన్నది తప్పక అడగండి.

ఖాళీ చేయబోయేవాళ్లతో మొదలుపెట్టండి. సామాను సర్దుకునే వారంలో మాత్రం వెళ్లకండి, మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. రికార్డింగు ఎవరు వినొచ్చు, అసలు పేరు వాడొచ్చా, రేపు వద్దనుకుంటే తీసేయాలా అన్నవి ముందే అడిగి రాసుకోండి. ఇల్లు ఖాళీ చేసే విషయంలో గొడవ నడుస్తున్నవాళ్ల మాట బయటికి పొక్కితే నష్టపోయేది వాళ్లే. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మాట్లాడేవాళ్లకు జానెడు దూరంలో, మడతపెట్టిన గుడ్డ మీద ఉంచండి. వట్టి బల్ల మీద పెడితే గ్లాసు దించిన చప్పుడుకే మాట మునిగిపోతుంది. ఫ్యాను ఆపండి. అర నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌తో విని చూడండి. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ (WAV) ఫైలు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో సెట్టింగుల్లో గంటకు సుమారు 500 ఎంబీ అవుతుంది, ఫోన్‌లో అంత చోటుండాలి.

“అప్పట్లో ఎలా ఉండేది?” అంటే “బాగుండేది” అంటారు, అంతే. కాగితమిచ్చి వీధి గీయమనండి. “కుళాయి ఇక్కడ... కాదు కాదు, ఇటువైపు” అని కొట్టేసి దిద్దుకునేచోటే అసలు సంగతులు బయటపడతాయి. నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు ఎవరింట్లో తలదాచుకున్నారు? ఊరెళ్తే తాళంచెవి ఎవరికిచ్చేవారు? మాట ఆగిందని వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, మనసులో పది లెక్కపెట్టండి. అలసట కనిపిస్తే ఆపేసి ఇంకోరోజు వెళ్లండి.

ఫైలుకు తేదీ, వరుస సంఖ్య ఆ రోజే పెట్టాలి. మూడు కాపీలు ఉంచి, అందులో ఒకటి వేరే ఇంట్లో దాచండి. మెసేజింగ్ యాప్‌లో డాక్యుమెంటుగానే పంపండి, లేకపోతే నాణ్యత తగ్గొచ్చు.

నెలలోపు 10-15 మందిని కూర్చోబెట్టి, ఒప్పుకున్నవాళ్ల మాటలు మూడేసి నిమిషాల ముక్కలుగా వినిపించండి. కొత్తగా దిగినవాళ్లనూ పిలవాలి, పాతవాళ్లే కూర్చుంటే అది వీడ్కోలు సభ అయిపోతుంది. ఒకే సంఘటనను ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. తీర్పు చెప్పకుండా రెండూ రాసుకోండి. లేచేముందు, రాత్రివేళ ఫోన్ చేయగల ఇద్దరు పొరుగువాళ్ల పేర్లు ఒక్కొక్కరితో రాయించండి. రాయడానికి ఒక్క పేరూ లేనివాళ్లకు అక్కడే ఇద్దరిని పరిచయం చేసి, నంబర్లు ఇప్పించండి.