బయ్యర్ నుంచి ఈఎస్‌జీ ఫారం వచ్చిందా? ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో 40 మందితో నడిచే మెషిన్ షాపుకు ఇప్పుడు ఆర్డర్ వెనకే ఈఎస్‌జీ ఫారం, అంటే పర్యావరణం, కార్మికులు, యాజమాన్య పద్ధతుల వివరాలు అడిగే ఒక ఎక్సెల్ షీటూ వస్తోంది. 2022-23 నుంచి టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు ఇవే వివరాలతో బీఆర్ఎస్ఆర్ అనే రిపోర్టు ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. వాళ్ల లెక్క తేలాలంటే సరుకు సప్లై చేసే మన లెక్కా కావాలి మరి.

సమస్య: కార్బన్ కాలమ్ దగ్గరే ఫారం ఆగిపోయింది

కన్సల్టెంట్ లేనిదే ఇది తేలదన్న భయమే కారణం. తొలి లెక్కకు కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ బిల్లులు చాలు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, డీజిల్ లీటరుకు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. నెలకు 10,000 యూనిట్లు, 200 లీటర్ల డీజిల్ అయితే 7.5 టన్నుల పైచిలుకు. ఒక్క జాగ్రత్త: బిల్లులో కేవీఏహెచ్, కేడబ్ల్యూహెచ్ అని రెండు రీడింగులుంటాయి, చాలా ఫ్యాక్టరీలకు ఛార్జీ కేవీఏహెచ్ మీద పడుతుంది. మీరు మాత్రం నిజంగా వాడిన కరెంటు చూపే కేడబ్ల్యూహెచ్ రీడింగే తీసుకోండి.

సమస్య: ఉత్పత్తి అంతే, యూనిట్లు మాత్రం పెరిగాయి

ముందుగా కంప్రెసర్‌ను అనుమానించండి. లంచ్ టైంలో మెషిన్లన్నీ ఆపి దాన్నొక్కటే నడపండి. గాలి ఎవరూ వాడకపోయినా మాటిమాటికీ లోడ్ తీసుకుంటోందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. కప్లింగులకు, హోస్ క్లిప్పులకు సబ్బు నీళ్లు పూస్తే బుడగలొచ్చి చోటు తెలిసిపోతుంది. 6 బార్ గాలి పీడనం సరిపోయే పనికి 7 పెట్టారేమో కూడా చూడండి. ఒక్క బార్ తగ్గిస్తే కంప్రెసర్ కరెంటు 6-7 శాతం కలిసొస్తుంది. సోలార్ కొటేషన్ల సంగతి ఆ తర్వాత.

సమస్య: బయ్యర్ పంపిన ఆడిటర్ కార్మికుల ఫైలు దగ్గర పట్టుకున్నాడు

కాంట్రాక్టర్ మనుషులు మన మనుషులు కారనుకోవడం వల్ల వచ్చే తంటా ఇది. పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు చేతికొచ్చాకే కాంట్రాక్టర్ బిల్లు పాస్ చేయండి. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేస్తుంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉండాలి. ‘మా దగ్గర ఆడవాళ్లే లేరండీ’ అంటారు చాలామంది. మరి రోజూ షాపు ఊడ్చే ఆమె ఎవరు?

సమస్య: పాత ఆయిల్ ఎటు పోయిందో కాగితం లేదు

స్క్రాప్ వాడికి క్యాష్‌కు అమ్మేసి ఉంటారు. వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి, మానిఫెస్ట్ (వ్యర్థం ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో చూపే కాగితం) కాపీ దాచుకోండి.

సమస్య: గవర్నెన్స్ (యాజమాన్య పద్ధతులు) పేజీ ఖాళీ

నెట్‌లో దొరికిన పాలసీని దించి పెడితే అందులో వేరే కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. దానికన్నా ఫిర్యాదు ఎవరికి చెప్పాలో, పేమెంట్లు ఎవరు ఓకే చేస్తారో సగం పేజీలో మీరే రాసుకోవడం నయం.

బయ్యర్‌కూ ఇందులో బాధ్యత ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదని 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, నింపిన ఫారంతో పాటు ఆ గడువు దాటిన ఇన్‌వాయిస్‌ల జాబితా కూడా అదే మెయిల్‌లో పంపండి.