గైనిక్ తీసుకోవాలనుకుంటున్నారా, ముందు లేబర్ రూమ్‌లో ఒక రాత్రి కూర్చోండి

నీట్ పీజీ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ జూనియర్స్ నుంచి ఒకటే ప్రశ్న, మేడమ్ ఓబీజీ (కాన్పులు, ఆడవాళ్ళ జబ్బులు చూసే గైనిక్ బ్రాంచ్) పెట్టుకోవచ్చా అని. ఫోన్లో పది నిమిషాల్లో తేలేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. ఇంటర్ చదివే పిల్లలకీ వాళ్ళ అమ్మానాన్నలకీ కూడా పనికొస్తుంది.

దారి అందరికీ తెలిసిందే. ఇంటర్ బైపీసీ, 720 మార్కుల నీట్, నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, మళ్ళీ నీట్ పీజీ, ఆపైన మూడేళ్ళు ఎంఎస్ లేదా డీఎన్‌బీ అనే పీజీ కోర్సు. ఎయిమ్స్, జిప్మర్ లాంటివాటికి ఐఎన్ఐ సెట్ అని వేరే పీజీ ఎంట్రన్స్ ఉంటుంది, అది ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఎక్కడా ఆగకుండా వెళ్ళినా ఇంటర్ తర్వాత ఎనిమిదిన్నరేళ్ళు, నీట్‌కి ఒక లాంగ్ టర్మ్, పీజీకి ఒక డ్రాప్ కలిశాయంటే పదేళ్ళు దాటేస్తుంది, ఈ లెక్క ఇంట్లో ముందే కూర్చోబెట్టి చెప్పండి, అమ్మాయిలైతే మరీను, ఎందుకంటే పెళ్ళి సంబంధాల మాట సరిగ్గా పీజీ ఎంట్రన్స్ ఏడాదే మొదలవుతుంది.

ఇంకో మాట కూడా. ఆడపిల్లవి కదా గైనిక్ తీసుకో, సేఫ్ అని చుట్టాలు అంటారు. దయచేసి ఆ మాట మీద సీటు తీసుకోకండి. ఈ బ్రాంచ్‌లో ఒక్కోసారి పది నిమిషాల్లో ఇద్దరి ప్రాణాలు మీ చేతుల్లోకి వస్తాయి, అదీ అర్ధరాత్రి. తమ్ముళ్ళూ, మీకు కూడా ఈ బ్రాంచ్ ఉంది, పరీక్ష చేసేటప్పుడు పక్కన సిస్టర్ ఉండాలి, పేషెంట్‌ని అడిగి చెయ్యాలి, ఈ రెండూ మానకుండా చేస్తే పేషెంట్లు నమ్ముతారు.

మీకు సరిపడుతుందో లేదో తెలుసుకునే చోటు ఇంటర్న్‌షిప్. చాలామంది గైనిక్ పోస్టింగ్‌లో సంతకం పెట్టి లైబ్రరీకి వెళ్ళిపోతారు, పీజీ ప్రిపరేషన్ అని. ఒక్క పని చెయ్యండి. తొలికాన్పుకి వచ్చిన ఒకామెని ఎంచుకుని, నొప్పులు మొదలైనప్పటి నుంచి మాయ పడేదాకా ఆమె పక్కనే ఉండండి. పొట్ట మీద చెయ్యి వేసి పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వస్తున్నాయో లెక్కపెట్టండి, అరగంటకోసారి బిడ్డ గుండె వినండి, పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో గీసే చార్ట్) మీరే నింపండి. మీ నడుము నొప్పెట్టినా, ఆమె అరుస్తున్నా, తర్వాత ఏమవుతుందో చూడాలని మీకు లోపల్నుంచి అనిపిస్తే ఈ బ్రాంచ్ మీదే. అనిపించకపోతే తప్పేం లేదు, వేరే బ్రాంచ్‌లు చాలా ఉన్నాయి.

నేను పీజీ ఫస్ట్ ఇయర్‌లో ఒక డెలివరీ సాఫీగా అయిపోయిందని సంతోషంగా బిడ్డ వైపు చూస్తూ ఉండిపోయా. మాయ కూడా పడింది. సిస్టర్ వచ్చి పొట్ట మీద చెయ్యి వేసి, మేడమ్ మెత్తగా ఉంది అంది. గర్భసంచి గట్టిపడలేదు, కింద బ్లీడింగ్ అయిపోతోంది, నేను చూడలేదు. సీనియర్ పరిగెత్తుకొచ్చింది, మసాజ్, మందులు, రెండు బాటిళ్ళ రక్తం, ఆమె బతికింది. అప్పట్నుంచి నా చెయ్యి పొట్ట మీదే ఉంటుంది, బిడ్డ ఎంత ముద్దుగా ఉన్నా సరే. బిడ్డ బయటికి రాగానే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇవ్వడం, తర్వాత గర్భసంచి చూస్తూ ఉండటం, ఇవి చదువుకున్నవే, కానీ నిద్ర లేని రాత్రి కూడా చెయ్యగలిగేలా అలవాటైపోవాలి. గుర్రపువాతానికి (గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కి) మెగ్నీషియం ఇచ్చేటప్పుడు కూడా అంతే, తర్వాతి డోసుకి ముందు మోకాలి రిఫ్లెక్స్, మూత్రం గంటకి కనీసం 30 ఎంఎల్, ఊపిరి నిమిషానికి కనీసం 16, ఈ మూడూ చూడకుండా ఆ డోసు ఇవ్వకండి.

సిజేరియన్ ఎలాగూ నేర్చుకుంటారు. 2019-21 ఎన్ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) లెక్కల్లో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో అదే ఎక్కువ, ఆంధ్రాలో 42.4, దేశం మొత్తం మీద 21.5. కాబట్టి మన దగ్గర అరుదైపోతున్నది నార్మల్ డెలివరీ కోసం ఓపిగ్గా కూర్చోవడం. ముహూర్తం పెట్టించుకుని ఆ టైమ్‌కే ఆపరేషన్ చెయ్యమని కాగితం తెచ్చేవాళ్ళు వస్తారు, వాళ్ళని తిట్టకుండా కూర్చోబెట్టి, నెలలు నిండకుండా తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది అవ్వచ్చని చెప్పడం కూడా మన పనే. అవసరమైన ఆపరేషన్ ఆలస్యం చెయ్యడం ఎంత తప్పో అక్కర్లేనిది చెయ్యడం కూడా అంతే తప్పు, ఆ తేడా తెలియాలంటే వందల కాన్పులు దగ్గరుండి చూడాలి.

అందుకే వెబ్ ఆప్షన్స్ పెట్టేటప్పుడు కాలేజీ పేరు కన్నా కేసులు చూడండి. తెలంగాణలో కౌన్సెలింగ్ కాళోజీ యూనివర్సిటీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ యూనివర్సిటీ, ఆలిండియా కోటాకి ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ). హైదరాబాద్‌లో పేట్లబుర్జు, సుల్తాన్ బజార్, గాంధీ ఆసుపత్రులు, వైజాగ్ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ లాంటి చోట్ల డ్యూటీలు నలిపేస్తాయి కానీ చెయ్యి తిరుగుతుంది. ప్రైవేటులో చేరాలనుకుంటే అక్కడి సెకండ్ ఇయర్ వాళ్ళకి ఫోన్ చేసి అడగండి, నెలకి ఎన్ని డెలివరీలు, సిజేరియన్ పీజీ చేత చేయిస్తారా లేక రిట్రాక్టర్ (కోత తెరిచి ఉంచే పరికరం) పట్టుకోవడమేనా, గర్భసంచి ఆపరేషన్లు ఎన్ని చూశారు అని. సీటు వదిలేస్తే కట్టాల్సిన బాండ్ ఎంతో కూడా నోటిఫికేషన్‌లో చదివాకే లాక్ చెయ్యండి.

చట్టాలు ఫస్ట్ ఇయర్‌లోనే నేర్చుకోండి. పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని ఆపే 1994 పీఎన్‌డీటీ చట్టం కింద కడుపుతో ఉన్నామెకి స్కాన్ చేస్తే ఫారం ఎఫ్ (ఆ స్కాన్ రికార్డు) తప్పులేకుండా నింపాలి, బిడ్డ ఆడో మగో ఎవరడిగినా, సొంత ఆడపడుచు అడిగినా చెప్పకూడదు. అబార్షన్ చట్టం 1971ది, 2021లో మారింది, 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, ఆపైన 24 దాకా కొన్ని కేటగిరీల వాళ్ళకే, ఇద్దరు డాక్టర్లు ఉండాలి.

ఎంఎస్ అయ్యాక ఐవీఎఫ్, ఫీటల్ మెడిసిన్, గైనిక్ ఆంకాలజీ అని దారులు చాలా ఉన్నాయి. నా అభిప్రాయం, వెంటనే ఫెలోషిప్‌కి పరిగెత్తకుండా ఒక ఏడాది సీనియర్ రెసిడెంట్‌గా చెయ్యండి, నిర్ణయం మీరే తీసుకోవాల్సి వచ్చేది అప్పుడే.

ఇక మొదటి ఉద్యోగానికి జిల్లాలో నర్సింగ్‌హోమ్ వాళ్ళు పిలిస్తే జీతం కన్నా ముందు మూడు అడగండి. రాత్రి రెండింటికి మత్తు డాక్టర్ ఎంతసేపట్లో వస్తారు, రక్తం ఎక్కడ్నుంచి వస్తుంది, పిల్లల డాక్టర్ ఉన్నారా. సరైన జవాబు రాకపోతే ఎంత ఇస్తామన్నా చేరకండి.