మర బిగించే విద్య – మూడవ పాఠం: తలను చూసి స్క్రూడ్రైవర్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో మరచుట్ల గురించి తెలుసుకున్నాం. ఈ పాఠంలో స్క్రూ తలపై ఉన్న గాడిని పరిశీలించి, దానికి తగిన పనిముట్టును ఎంచుకోవడం నేర్చుకుందాం. స్క్రూ తల అరిగి పాడైందంటే దానికి కారణం చాలాసార్లు చేతిలో బలం చాలకపోవడం కాదు, గాడికీ స్క్రూడ్రైవర్ మొనకూ పొంతన కుదరకపోవడం. గాడి గోడలు నిటారుగా ఉన్నాయా, వాలుగా ఉన్నాయా అన్నది అభ్యాసకుడు ముందుగా చూడవలసిన సంగతి. గత శతాబ్దంలో వచ్చిన కొత్త తలల్లో చాలావరకు మొన జారకుండా చూడాలన్న ప్రయత్నంలోంచే పుట్టాయి కాబట్టి, వాటిని దాదాపు పుట్టిన క్రమంలో చదివితే తేడాలు సులువుగా గుర్తుంటాయి.

అన్నిటికంటే పాతది ఒంటి గాడి తల. 15వ శతాబ్దం చివరినాటి ఒక జర్మన్ రాతప్రతిలో మరలు కోసే లేత్ బొమ్మ కనిపిస్తుంది. ఆ కాలపు ఐరోపా కవచాలలో గాడి తల స్క్రూలు వాడారు. రంపంతోనో ఆకురాయితోనో ఒక్క గీత కోస్తే తయారయ్యే ఈ గాడి శతాబ్దాల తరబడి నిలిచిందంటే ఆశ్చర్యం లేదు. అయితే మొనను మధ్యలో నిలిపి ఉంచే ఏర్పాటు ఇందులో లేదు, పక్కకు జారితే చెక్కకో చేతికో గాయం తప్పదు. దీనికి మొన వెడల్పు గాడి పొడవుకు దాదాపు సమానంగానూ, మందం గాడిని పూర్తిగా నింపేంతగానూ ఉండాలి. మామూలు స్క్రూడ్రైవర్ మొన చీలలా సన్నబడుతూ వస్తుంది కనుక అది గాడి పై అంచులను మాత్రమే తాకి, తిప్పిన కొద్దీ పైకి లేస్తుంది. మొన చివర రెండు పక్కలూ సమాంతరంగా ఉండేలా సానపట్టిన స్క్రూడ్రైవర్ గాడి అడుగు దాకా దిగి నిలబడుతుంది; విలువైన పాత వస్తువులను విప్పేవారు దీన్ని తప్ప మరొకటి వాడకూడదని నా అభిప్రాయం.

కెనడాకు చెందిన పి.ఎల్. రాబర్ట్‌సన్ 1908లో చతురస్రపు గుంట ఉన్న తలను రూపొందించాడు. ఆ గుంట గోడలకు అతి కొద్ది వాలు మాత్రమే ఇచ్చాడు కాబట్టి లోహాన్ని వేడి చేయకుండానే అచ్చుతో గుంట దింపడం వీలైంది, పైగా స్క్రూ మొనను పట్టుకుని ఉంటుంది, ఒంటిచేత్తో బిగించవచ్చు. ఫోర్డ్ కంపెనీ తన కెనడా కర్మాగారంలో ఈ స్క్రూలను వాడింది. కానీ తయారీపై అదుపును వదులుకోవడానికి రాబర్ట్‌సన్ ఇష్టపడకపోవడంతో ఇంత మంచి తల కెనడా దాటి పెద్దగా వ్యాపించలేదు. ఏ తల గెలుస్తుందన్నది దాని గుణాన్ని బట్టే తేలదన్నమాట.

గెలిచినది హెన్రీ ఎఫ్. ఫిలిప్స్ పేరు మీద 1936లో పేటెంట్లు పొందిన నాలుగు రెక్కల గాడి. కాడిలాక్ కార్ల తయారీలో జనరల్ మోటార్స్ దాన్ని స్వీకరించింది. కూర్పు వరుసలో యంత్రంతో స్క్రూలు బిగించేటప్పుడు మొన తనంతట తానే మధ్యలోకి చేరడం దీని గొప్పతనం, కానీ అందుకోసం పెట్టిన వాలు గోడలే దీని బలహీనత కూడా. గోడ వాలుగా ఉన్నప్పుడు తిప్పే బలంలో కొంత భాగం మొనను పైకి నెట్టడానికి ఖర్చవుతుంది. ఆ నెట్టుడుకు మించి మీరు కిందికి నొక్కకపోతే మొన ఎగిరి రెక్కలను కొరికేస్తుంది. మితిమీరి బిగించకుండా ఉండేందుకే ఇలా చేశారని తరచూ చెబుతుంటారు గానీ, తొలి పేటెంట్లలో ఆ ఉద్దేశం కనిపించదు. కాబట్టి ఫిలిప్స్ తల విషయంలో ముందు నొక్కడం, ఆ తర్వాత తిప్పడం అలవాటు చేసుకోండి.

దీన్ని పోలిన రెండు తలలు కొత్తవారిని మోసగిస్తాయి. పోజిడ్రివ్ తలలో ప్రధాన రెక్కల మధ్య 45 డిగ్రీల కోణంలో నాలుగు సన్నని గీతలు ఉంటాయి, దాని గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి. ఫిలిప్స్ మొన ఇందులో దూరుతుంది గానీ ఆనదు. జపాన్ ప్రమాణపు తలపై చాలాసార్లు ఒక చిన్న చుక్క ఉంటుంది. అక్కడి మోటారు సైకిళ్లు, కెమెరాలు విప్పేవారు ఫిలిప్స్ మొనతో ఎన్నో తలలను పాడుచేస్తుంటారు.

ఆరు పలకల అలెన్ గుంట గోడలు నిటారుగానే ఉన్నా, బలం మూలల దగ్గర బయటికి తోస్తుంది కనుక మూలలు గుండ్రబడతాయి. 5 మిల్లీమీటర్ల గుంటలో అంగుళంలో 3/16 వంతు, అంటే 4.76 మిల్లీమీటర్ల కీ పెడితే జరిగేది ఇదే. 1967లో క్యామ్‌కార్ టెక్స్‌ట్రాన్ సంస్థ తెచ్చిన టోర్క్స్‌లో ఆరు గుండ్రని రెక్కలు ఆ బలాన్ని దాదాపు పూర్తిగా తిప్పుడుగానే మారుస్తాయి. దీని కొలతలు టీ 10, టీ 15, టీ 25 అన్నట్టుగా ఉంటాయి. కొలత సరిపోతే చాలు, గట్టిగా నొక్కవలసిన పని లేదు.

ఈ వారం అభ్యాసానికి ఒక పనికిరాని చెక్కముక్క, పీహెచ్ 2 (పీహెచ్ అంటే ఫిలిప్స్, పక్కనున్న అంకె కొలత) తల ఉన్న కొన్ని స్క్రూలు, పీహెచ్ 1, పీహెచ్ 2, పీహెచ్ 3 మొనలు దగ్గర పెట్టుకోండి. ఒక్కొక్క మొనను స్క్రూలో ఉంచి, తిప్పకుండా అటూ ఇటూ మెల్లగా కదపండి. ఒకటి వదులుగా ఊగుతుంది, ఒకటి అడుగు దాకా దిగదు, ఒకటి కదలకుండా కూర్చుంటుంది. ఆ తేడా వేళ్లకు తెలిశాక ఒక స్క్రూను పీహెచ్ 1తో కావాలనే బిగించి, తలలో లోహం ఎక్కడ లేచిందో భూతద్దంతో చూడండి. ఆ స్క్రూను పారేయకండి. పాడైన తలలను బయటికి తీసే నాలుగవ పాఠంలో అది కావాలి.